వేసవి పెద్ద సినిమా ఎందుకు ఆడింది, ఎందుకు పోయింది: సీడెడ్‌లో కూర్చుని లెక్క కట్టే పద్ధతి

సినిమా 'ఆడింది', 'పోయింది' అనే మాటలను మనం చాలా తేలికగా వాడతాం గాని, వాటి వెనుక ఉన్న లెక్క అంత తేలికైనది కాదు. అనంతపురంలో మూడు రోజుల పాటు హౌస్‌ఫుల్ బోర్డు చూసిన ప్రేక్షకుడు సినిమా ఆడిందని చెబుతాడు, అదే సినిమాకు ఆదోనిలో డబ్బు పెట్టిన మనిషి రెండో వారానికి అప్పు ఎలా తీర్చాలా అని ఆలోచిస్తుంటాడు, నిర్మాత మాత్రం ఓటీటీ, శాటిలైట్ హక్కులు ముందే అమ్ముకుని విడుదల నాటికే ఒడ్డున పడి ఉంటాడు. ముగ్గురూ చెప్పేది నిజమే. ఎవరి నిజం ఎక్కడిదో తెలుసుకుంటే తప్ప సినిమా గెలుపోటములకు కారణం చెప్పలేము.

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో సినిమా వ్యాపారాన్ని శ్రద్ధగా గమనించేవారికీ, ఎప్పుడో ఒకప్పుడు తామూ ఒక సెంటరుకు, అంటే సినిమా ఆడే ఒక ఊరికి, వాటా వేసుకోవాలని అనుకునేవారికీ పనికివస్తుందని ఈ పద్ధతిని రాస్తున్నాను. నేను అనంతపురం జిల్లాలోని ఒక పట్టణంలో నలుగురు మిత్రులతో కలిసి ఒక వేసవి సినిమాకు వాటా పెట్టాను. మొదటి ఆదివారం రాత్రి లాభం వచ్చేసిందని నమ్మాను. మూడో వారం ముగిసేసరికి పెట్టిన దానిలో మూడో వంతు తిరిగి రాలేదు. ఆ మూడు వారాల్లో రోజూ రాసుకున్న నోటుపుస్తకమే నాకు ఈ విషయంలో మొదటి గురువు.

ముందు అడగవలసిన ప్రశ్న: ఎవరికి, ఎంతకు?

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు దీనికి దత్త మండలాలు, ఇంగ్లీషులో సీడెడ్ జిల్లాలు, అనే పేరు వచ్చింది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకున్నాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన కూడా జరిగింది. అయినా సినిమా వ్యాపారంలో మాత్రం మనం ఇప్పటికీ 'సీడెడ్' అనే ఒకే ఏరియా. తిరుపతి నుంచి ఆదోని దాకా ఉన్న ఈ ఏరియా మొత్తాన్ని ఒక బయ్యరు ఒకే ధరకు కొని, ఆ తర్వాత ఊళ్ల వారీగా, థియేటర్ల వారీగా ఒప్పందాలు చేసుకుంటాడు. కాబట్టి ఒక సినిమా గురించి మాట్లాడే ముందు సీడెడ్ హక్కులు ఎంతకు పోయాయో, ఏ పద్ధతిలో పోయాయో తెలుసుకోవాలి.

పద్ధతులు ముఖ్యంగా మూడు. అవుట్‌రైట్‌గా కొంటే లాభమైనా నష్టమైనా కొన్నవాడిదే. ఎన్ఆర్ఏ అంటే తిరిగి ఇవ్వనవసరం లేని అడ్వాన్సు. ఆ మొత్తం రాబట్టుకునే బాధ్యత బయ్యరుది, అది దాటి వచ్చిన దానిలో నిర్మాతకు వాటా ఉంటుంది. అడ్వాన్సు పద్ధతిలో బయ్యరు కమీషన్ మీద పనిచేస్తాడు, వసూళ్లు తగ్గితే తేడాను నిర్మాత తిరిగి ఇవ్వాలి. ఒకే వసూళ్లతో మొదటి పద్ధతిలో కొన్నవాడు మునిగిపోవచ్చు, మూడో పద్ధతిలో తీసుకున్నవాడు క్షేమంగా బయటపడవచ్చు. అందువల్ల 'సీడెడ్‌లో పోయింది' అని ఎవరైనా అన్నప్పుడు, ఏ పద్ధతిలో ఎవరికి పోయిందని అడగడం అలవాటు చేసుకోవాలి.

గ్రాస్ నుంచి షేర్ దాకా

పోస్టర్ల మీద కోట్లలో కనిపించేది గ్రాస్, అంటే ప్రేక్షకుడు కౌంటరులో ఇచ్చిన మొత్తం. అందులోంచి పన్ను పోగా మిగిలేది నెట్. నెట్ నుంచి థియేటరు అద్దె పోగా మిగిలేది షేర్. బయ్యరు జేబులోకి వచ్చేది ఈ షేర్ మాత్రమే, అందులోనూ డిజిటల్ ప్రొజెక్షన్ రుసుములు, పోస్టర్లు, ఆటో ప్రచారం వంటి ఖర్చులు ఉంటాయి.

ఇది మాటల్లో చెబితే సరిగా అర్థం కాదు కాబట్టి ఒక ఊహాత్మకమైన లెక్క వేసి చూద్దాం. ఒక పట్టణంలో 600 సీట్ల థియేటరు ఉందని, అన్ని తరగతులనూ కలిపి సగటు టికెట్ పన్నుతో సహా రూ. 150 అని, రోజుకు నాలుగు ఆటలని, రోజు అద్దె రూ. 40,000 అని అనుకుందాం. అన్ని ఆటలూ నిండితే రోజు గ్రాస్ రూ. 3,60,000. రూ. 100 దాటిన టికెట్ మీద జీఎస్టీ 18 శాతం కనుక నెట్ సుమారు రూ. 3,05,000 అవుతుంది. అద్దె తీసేస్తే షేర్ రూ. 2,65,000. ఇప్పుడు అదే థియేటరు పావు వంతు మాత్రమే నిండిన రోజును చూడండి. నెట్ రూ. 76,250కి పడిపోతుంది, అద్దె మాత్రం ఆ నలభై వేలే, షేర్ రూ. 36,250. జనం నాలుగో వంతుకు తగ్గితే బయ్యరుకు వచ్చేది ఏడో వంతు కంటే తక్కువైంది. పదో వంతు నిండిన రోజున నెట్ ముప్పై వేల చిల్లర మాత్రమే కాబట్టి అద్దెకే చాలదు, ఆ రోజు ఆట వేసినందుకు ఎదురు కట్టాలి. వసూళ్లు నడిచి దిగుతుంటే షేర్ పరుగెత్తి దిగుతుంది. నేను డబ్బు పోగొట్టుకున్నది సరిగ్గా ఈ సంగతి తెలియకనే.

ఈ లెక్కనే మూడు వారాలకు సాగదీయండి. మొదటి మూడు రోజులు ఫుల్స్ పడితే షేర్ రూ. 7.95 లక్షలు. సోమవారం నుంచి గురువారం దాకా నలభై శాతం నిండితే మరో 3.28 లక్షలు. రెండో శుక్ర, శని, ఆదివారాల్లో ముప్పై ఐదు శాతానికి రెండు లక్షలు. ఆ తర్వాతి నాలుగు రోజులు, మూడో వారాంతం మూడు రోజులు ఇరవై శాతం చొప్పున నడిస్తే ఇంకో 1.47 లక్షలు. మొత్తం షేర్ రూ. 14.70 లక్షలు, గ్రాస్ మాత్రం రూ. 25 లక్షల పైచిలుకు. ఈ సెంటరుకు 15 లక్షలు పెట్టినవాడికి పదిహేడు రోజులు ఆడించినా అసలు తీరలేదు. 12 లక్షలకు తీసుకున్నవాడికి మాత్రం రెండో శనివారం రాత్రికే డబ్బు తిరిగి వచ్చి, ఆ తర్వాతిదంతా లాభమైంది. ఊళ్లో జనం చూసిన సినిమా ఒక్కటే, వారు చెప్పుకున్న టాక్ ఒక్కటే, థియేటరు ముందు తిరునాళ్ల కూడా ఒక్కటే. ధర మాత్రమే వేరు. పెద్ద బడ్జెట్ వేసవి సినిమాల్లో 'పోయింది' అని మనం చెప్పుకునే వాటిలో చాలా వాటికి అసలు కారణం తెర మీద ఉండదనీ, విడుదలకు కొన్ని వారాల ముందు రాసుకున్న ఒప్పంద పత్రంలోనే ఉంటుందనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

జీఎస్టీ విషయంలో ఇంకో చిన్న సంగతి గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ. 100 లోపు టికెట్ మీద పన్ను 5 శాతమే. అంటే నూరు దాటగానే పెరిగే పన్ను ప్రేక్షకుడికి భారమే తప్ప వ్యాపారానికి అందులో పైసా లాభం లేదు. చిన్న పట్టణాల్లో కింది తరగతులకు ధర నిర్ణయించేవారు దీన్ని తప్పక చూసుకోవాలి.

అద్దె పద్ధతి వల్ల వచ్చే ఈ చిక్కు థియేటరు యజమానులనూ బాధిస్తోంది. పెద్ద సినిమా నిండుగా ఆడిన వారంలోనూ వారికి వచ్చేది ఆ అద్దే కాబట్టి, 2025 మే నెలలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అద్దెకు బదులు వసూళ్లలో శాతం తీసుకునే పర్సంటేజీ పద్ధతి కావాలని పట్టుబట్టి, జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామనే దాకా వెళ్లారు. క్యాంటీను, పార్కింగు ఆదాయం థియేటరుదే కనుక యజమానికి తలలు ఎక్కువ రావాలి, బయ్యరుకు టికెట్ ధర ఎక్కువ ఉండాలి. ఒకే హాలులో కూర్చున్న ఈ ఇద్దరి ప్రయోజనాలు వేరని తెలిస్తే, వారు చెప్పే కారణాలు ఎందుకు కలవవో కూడా తెలుస్తుంది.

సోమవారం మ్యాట్నీ

మా పట్టణంలో చాలాకాలం థియేటరు మేనేజరుగా పనిచేసిన పెద్దాయన ఒకరు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. మొదటి రోజు వసూళ్ల గురించి నేను ఉత్సాహంగా చెప్పబోతే, "శుక్రవారం లెక్క నాకొద్దప్పా, సోమవారం మ్యాట్నీకి ఎంతమంది వచ్చినారో చూసి చెప్పు" అన్నాడు. మొదటి మూడు రోజులు వచ్చేవారు హీరో కోసం వస్తారు, టీజరు చూసి వస్తారు, పక్కవాడు వెళ్లాడని వస్తారు. సోమవారం మధ్యాహ్నం వచ్చే మనిషి ఎవరో చూసి బాగుందని చెబితే వస్తాడు. అందుకే మొదటి సోమవారం రోజంతటి టికెట్లను మొదటి శుక్రవారం టికెట్లతో పోల్చి చూడాలి. సగం దాకా నిలబడితే సినిమాకు ఆయుష్షు ఉన్నట్టు, పావు వంతుకు తక్కువైతే బయ్యరు మిగిలిన రోజుల అద్దె గురించి ఆలోచించడం మొదలుపెట్టాలని నా అనుభవం.

పోల్చేటప్పుడు రూపాయలను పోల్చకూడదు, టికెట్ల సంఖ్యను పోల్చాలి. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో టికెట్ ధర పెంచుకోవడానికి అనుమతి ఉంటుంది కాబట్టి రూపాయల పతనంలో కొంత భాగం ధర తగ్గడం వల్ల వచ్చినదై ఉంటుంది. డైలీ కలెక్షన్ రిపోర్టులో తరగతి వారీగా, ఆట వారీగా టికెట్లు ఉంటాయి. దాన్ని చదవడం వస్తే సినిమాకు ఏ జబ్బు చేసిందో నాడి పట్టినట్టు తెలుస్తుంది. బాల్కనీ నిండి కింది తరగతులు ఖాళీగా ఉంటే పట్నపు కుటుంబాలు వస్తున్నాయి, చుట్టుపక్కల పల్లెల నుంచి మాస్ రావడం లేదని అర్థం. కింద నిండి పైన ఖాళీగా ఉంటే యువకులు మళ్లీ మళ్లీ చూస్తున్నారు గాని ఆడవాళ్లు, పిల్లలు రావడం లేదు. సాయంత్రం ఫస్ట్ షో పడిపోయి సెకండ్ షో నిలబడితే కుటుంబాలు దూరమైనట్టే. మార్నింగ్ షో మాత్రమే బాగుంటే అది కాలేజీ పిల్లల సినిమా. ఈ తేడాలు ఏ ప్రపంచవ్యాప్త వసూళ్ల పోస్టరులోనూ కనిపించవు.

మన ఊరి క్యాలెండరు

వేసవి అనగానే సెలవులు, సెలవులు అనగానే జనం అని హైదరాబాదులో కూర్చున్నవారు అనుకుంటారు. రాయలసీమలో వేసవి ఒకటి కాదు, కనీసం మూడు.

మార్చి చివరి నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా ఉన్నది మొదటి వేసవి. ఇంటర్, పదో తరగతి పరీక్షలు అప్పుడప్పుడే ముగుస్తుంటాయి, చిన్న తరగతుల పిల్లలకు బడి ఇంకా ఉంటుంది. ఇంట్లో ఒక పిల్లకు పరీక్ష ఉంటే ఇంటిల్లిపాదీ సినిమా మానుకుంటారు. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి వేల కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లి, ఉగాది నాటికి గాని తిరిగి చేరవు. ఆ పల్లెల మీద ఆధారపడిన ఎమ్మిగనూరు, ఆదోని థియేటర్లలో మార్చి సినిమాకు కింది తరగతులు ఎందుకు నిండలేదో తెలియాలంటే ఈ వలస సంగతి తెలియాలి. రంజాన్ మాసం ఏ నెలలో వచ్చిందో కూడా చూడాలి. కడపలో, కర్నూలు పాతబస్తీలో, ఆదోనిలో ఉపవాసాల నెలలో సాయంత్రం ఆటలు పలచబడతాయి, పండుగ నాటి నుంచి వారం రోజుల పాటు అవే ఆటలు కిక్కిరిసిపోతాయి. పండుగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయిన ఏటి వసూళ్లను ఈ ఏటి తేదీలతో పోల్చేటప్పుడు ఈ జరుగుబాటును సరిచూసుకోవాలి.

ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెల మూడో వారం దాకా ఉన్నదే అసలు వేసవి. బడులు మూసి ఉంటాయి, బెంగళూరులో, హైదరాబాదులో పనిచేసేవారు పెళ్లిళ్లకు ఊళ్లకు వస్తారు. పెళ్లికి వచ్చిన బంధువులందరూ కలిసి సినిమాకు వెళ్లడం మా వైపు ఇప్పటికీ ఉంది. అయితే గొప్ప ముహూర్తాలున్న రోజుల్లో ఫస్ట్ షో పడిపోతుంది, ఐపీఎల్ మ్యాచ్ సాయంత్రం ఏడున్నరకు మొదలవుతుంది, 2008 నుంచి ఒక్క 2020 తప్ప ప్రతి వేసవిలోనూ ఈ పోటీ ఉన్నదే. ఎండ విషయంలో ఒక అపోహ ఉంది. ఎండలు మండితే మ్యాట్నీ పోతుందని అంటారు గాని, ఏసీ సరిగా పనిచేసే హాలుకు ఎండ మేలే చేస్తుంది. ఇంట్లో ఉక్కపోత భరించలేక మూడు గంటల చల్లదనం కోసం వచ్చేవారిని నంద్యాలలోనూ, తాడిపత్రిలోనూ నేను చూశాను. ఏసీ మొరాయించే హాలులో మాత్రం ఎంత మంచి సినిమాకైనా సోమవారం మ్యాట్నీ ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరకే అనలేదు.

మూడోది మే నెలాఖరు నుంచి బడులు తెరిచే జూన్ రెండో వారం దాకా. తెలియనివారికి ఇదీ సెలవుల కాలమే. కాని అనంతపురం జిల్లా రైతు చేతిలో అప్పుడు డబ్బు ఉండదు. వేరుశనగ విత్తన కాయలకు, దుక్కులకు, ఎరువులకు ఖర్చు పెట్టే రోజులవి. పిల్లల ఫీజులు, పుస్తకాలు కూడా అప్పుడే వస్తాయి. తొలకరి పడితే మగవాళ్లు పొలంలో ఉంటారు, పడకపోతే దిగులుతో ఉంటారు. జూన్ మొదటి వారంలో విడుదలైన పెద్ద సినిమా హిందూపురం, అనంతపురం పట్టణాల్లో బాగా ఆడి, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నీరసించడం చూసి, ఆ వైపు ప్రేక్షకులకు సినిమా నచ్చలేదని తేల్చేయడం అన్యాయం.

ఎన్నికల సంవత్సరం వస్తే ఈ మొత్తం తారుమారవుతుంది. 2024లో రాష్ట్రంలో పోలింగ్ మే 13న జరిగింది. ఆ మే నెలలో పెద్ద హీరో సినిమా ఒక్కటీ రాలేదు, తెలంగాణలో చాలా సింగిల్ స్క్రీన్ థియేటర్లు నెల మధ్యలో ఆటలు నిలిపివేశాయి. వేసవి ఉన్నంత మాత్రాన జనం రారనీ, వచ్చేందుకు సినిమా ఉండాలనీ ఆ నెల తెలియజెప్పింది.

తేదీ మీద నమ్మకం

మనవారికి తేదీల మీద పట్టింపు ఎక్కువ. అడవి రాముడు 1977 ఏప్రిల్ 28న, పోకిరి 2006 ఏప్రిల్ 28న, బాహుబలి రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. మూడూ తమ కాలంలో కొత్త రికార్డులు రాసినవే. ఈ వరుస చూసి ఆ తేదీకే ఏదో బలం ఉందని చెప్పేవారు చాలామంది ఉన్నారు. 2023లో సరిగ్గా అదే ఏప్రిల్ 28న ఏజెంట్ విడుదలై ఘోరంగా విఫలమైంది. పూర్తిస్థాయి స్క్రిప్టు లేకుండా సినిమా మొదలుపెట్టడం తమ తప్పని నిర్మాత అనిల్ సుంకర బహిరంగంగా ఒప్పుకున్నారు. తేదీ అదే, వేసవి అదే, భారీ ఖర్చూ అదే. లేనిది కథ.

దీనికి ఎదురు ఉదాహరణ మే 9. వైజయంతీ మూవీస్ సంస్థ తీసిన జగదేకవీరుడు అతిలోకసుందరి 1990లో ఆ రోజున విడుదలైంది, అదే రోజున భయంకరమైన తుపాను కోస్తాను తాకింది. అయినా వానలు వెలిసిన తర్వాత ఆ సినిమా ఘనవిజయం సాధించింది. అదే సంస్థ తీసిన మహానటి 2018 మే 9న వచ్చి గెలిచింది. ఆ సెంటిమెంటుతోనే కల్కి 2898 ఏడీ చిత్రాన్ని 2024 మే 9కి ప్రకటించి, ఎన్నికల వల్ల జూన్ 27కు మార్చారు. నమ్మిన తేదీ పోయింది, బడులు తెరిచేశారు, సెలవులు అయిపోయాయి. సినిమా మాత్రం ఘనంగా ఆడింది.

1990 నాటి ఆ విజయంలో నేటి వ్యాపారానికి సంబంధించిన పాఠం ఇంకొకటి ఉంది. అప్పుడు ప్రింట్లు తక్కువ, సినిమా ఒక్కో ఊళ్లో ఒక్క థియేటరులో నెలల తరబడి ఉండేది కాబట్టి తుపాను మింగేసిన మొదటి వారాన్ని తర్వాతి వారాలు తిరిగి ఇచ్చాయి. ఇప్పుడు పెద్ద సినిమా వస్తే ఊళ్లోని థియేటర్లలో ఎక్కువ భాగం మొదటి మూడు రోజులు దానికే ఇస్తారు, నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో ఇంట్లో ఫోనులోకే వస్తుందని ప్రేక్షకుడికి తెలుసు. ఈనాటి సినిమా మొదటి వారాంతంలో వానకు, మ్యాచ్‌కు, బంద్‌కు చిక్కుకుంటే ఆ నష్టం తీరడానికి తర్వాత రోజులు మిగలవు. అందుకే తేదీకి శుభాశుభాలు చూసేకంటే ఆ వారాంతంలో ఏముందో చూడటం మంచిది. కేజీఎఫ్ రెండో భాగం 2022 ఏప్రిల్ 14న రావడం ఇందుకు చక్కని ఉదాహరణ. అంబేద్కర్ జయంతి గురువారం, గుడ్ ఫ్రైడే మరునాడు, ఆ తర్వాత శని, ఆదివారాలు, వెరసి నాలుగు రోజుల వారాంతం దొరికింది.

కారణాన్ని విడదీయడం

ఇప్పుడు అసలు పనికి వద్దాం. సినిమా తప్పినప్పుడు ఏ దశలో తప్పిందో గుర్తిస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది.

మొదటి రోజు ఉదయమే హాలు నిండకపోతే తప్పు సినిమా లోపల లేదు, ఎందుకంటే అప్పటికి దాన్ని ఎవరూ చూడలేదు. పాటలు జనంలోకి వెళ్లలేదా, ఎన్నిసార్లో వాయిదా పడి ఆసక్తి చచ్చిపోయిందా, టికెట్ ధర భయపెట్టిందా అని చూడాలి. ఉదయం ఆట నిండి అదే రోజు సెకండ్ షోకు పలచబడితే టాక్ దెబ్బతీసినట్టే, దానికి కథే కారణం. 2022 ఏప్రిల్ 29న వచ్చిన ఆచార్యను చూడండి. ఇద్దరు పెద్ద హీరోలు, మంచి సెలవుల కాలం, అయినా మొదటి రోజే టాక్ తిరగబడింది, బయ్యర్లు భారీగా నష్టపోయారు. తామిద్దరం పారితోషికంలో చాలా భాగం వెనక్కి ఇచ్చామని చిరంజీవి తర్వాత చెప్పారు. నెల రోజుల ముందు ఆర్‌ఆర్‌ఆర్, రెండు వారాల ముందు కేజీఎఫ్ చూసిన ప్రేక్షకుడు అదే టికెట్ డబ్బుకు అంతటి అనుభవాన్ని ఆశించాడని నా అభిప్రాయం.

వారాంతమంతా నిండి సోమవారం కూలిపోతే ముందు టికెట్ ధరను అనుమానించాలి. నలుగురున్న కుటుంబం పెంచిన ధరకు టికెట్లు కొని, చిరుతిళ్లు కలుపుకుంటే వెయ్యి రూపాయల పైమాటే. ఆ ఖర్చు పెట్టగలిగినవారు మొదటి మూడు రోజుల్లో వచ్చేస్తారు, మిగిలినవారు ధర తగ్గేదాకా ఆగుదామనుకుని ఆ తర్వాత ఆగిపోతారు. అలాగని ధర బాగా తగ్గిస్తే సినిమాలు బతుకుతాయని అనుకోవడమూ పొరపాటే. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులో గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని థియేటర్లలో కింది తరగతి టికెట్ రూ. 5గా ఉండేది. ఆ ధరలతో హాళ్లు నడపలేక ఎందరో యజమానులు ఇబ్బందిపడ్డారు. 2022 మార్చిలో ధరలను సవరించి, పారితోషికాలు కాకుండా రూ. 100 కోట్లు ఖర్చు దాటిన సినిమాలకు మొదటి పది రోజులు పెంచుకునే వీలు కల్పించారు. ఆ నెల 25న వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్‌కు పెంచిన ధర భారం కాలేదు, ఎందుకంటే జనం ఆ ధరకు తగినది చూశామనుకున్నారు. అందరూ ఆ ధర పెట్టారు, అందరికీ ఆ ఫలితం రాలేదు.

సోమవారం నిలబడి రెండో శుక్రవారం పడిపోతే ప్రేక్షకుడిని అడగనవసరం లేదు, థియేటర్ల పట్టిక చూడండి. కొత్త సినిమా వచ్చి మంచి హాళ్లు లాక్కుని, ఆడుతున్న సినిమాను ఊరి చివరి హాలుకు నెట్టి ఉంటారు. ఇక వసూళ్లన్నీ సవ్యంగా ఉండి, జనం మెచ్చుకుని, మూడు వారాలు నడిచి కూడా బయ్యరు ఓడితే, కారణం పైన లెక్క వేసి చూపిన ధర.

ఆ ధర ఎందుకు అంత పెరుగుతుందో కూడా తెలుసుకోవాలి. పారితోషికాలు, గ్రాఫిక్స్ ఖర్చు ఒక ఎత్తు, ఆలస్యం ఇంకొక ఎత్తు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి వంద కోట్లు తెచ్చిన నిర్మాత ఆరు నెలలు వాయిదా వేస్తే పన్నెండు కోట్లు అదనంగా మీద పడతాయి. తెర మీద ఒక్క సన్నివేశం కూడా పెరగని ఆ పన్నెండు కోట్లను హక్కుల ధరలో కలిపి ఏరియాలకు పంచుతారు. ఖర్చులు ఇలా పెరగడం మీద, ఓటీటీ గడువు మీద చర్చించుకోవడానికే 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపుకున్నారు. ఆర్‌ఆర్‌ఆర్ కూడా 2020 జూలై నుంచి వాయిదా పడుతూ వచ్చినదే, కాని అంత భారాన్ని మోసే మార్కెట్ దానికి దేశమంతటా, విదేశాల్లోనూ ఉంది. సీడెడ్ ఒక్కదాని మీద ఆ భారం మోపగల సినిమా లేదు.

కత్తులు, సుమోలు, తొడకొట్టడాలు ఉంటే సీడెడ్‌లో ఆడుతుందనే లెక్కతో ధర పెంచి అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు, నాకు ఇది బాధ కలిగిస్తుంది. మాస్ సినిమాకు ఇక్కడ మొదటి రోజు గొప్పగా ఉంటుందన్నది నిజమే. సోమవారం మ్యాట్నీకి హాలు నింపేది మాత్రం ఎక్కడైనా ఏడిపించే, నవ్వించే, కట్టిపడేసే కథే.

వాటా పెట్టాలనుకునేవారికి

ఒక సెంటరుకు డబ్బు పెట్టే ముందు, అదే హీరోవి, అంతే స్థాయివి అయిన గత మూడు సినిమాలకు ఆ సెంటరులో వచ్చిన షేర్‌ను థియేటరు మేనేజరు దగ్గర అడిగి తెలుసుకోండి. గ్రాస్ చెబితే ఒప్పుకోవద్దు. మూడింటిలో పెద్ద అంకెను వదిలేసి మిగిలిన రెండింటి సగటును ఆధారం చేసుకోండి, ఎందుకంటే అమ్మేవాడు మీకు చూపించేది ఆ పెద్ద అంకెనే. మిమ్మల్ని అడిగిన ధర ఆ సగటుకంటే ఎక్కువగా ఉంటే, ఆ అదనం ఏ రోజున, ఏ ఆటలో, ఏ తరగతిలో వస్తుందో కాగితం మీద రాయండి. రాయలేకపోతే ఆ ధర ఊహ మాత్రమే.

ఒప్పందంలో అద్దె రోజుకు ఎంతో, రెండో వారంలో తగ్గుతుందో లేదో, సినిమా దించేసే హక్కు ఎవరిదో స్పష్టంగా రాయించుకోండి. మా విషయంలో ఈ చివరి మాట రాయించుకోలేదు. అద్దె కూడా రాని ఆరు రోజులు ఆట కొనసాగింది, ఆ ఎదురు కట్టుబడి మా ఐదుగురి మీదా పడింది. హాలు ఎంత శాతం నిండితే అద్దె తీరుతుందో ముందే లెక్కవేసి పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. మన ఊహాత్మక థియేటరులో అది పదమూడు శాతానికి కొంచెం పైన, అంటే ఆటకు సుమారు ఎనభై టికెట్లు. వరుసగా రెండు రోజులు సగటున ఆటకు ఎనభై తెగకపోతే, ఆదివారం కోలుకుంటుందని ఎవరు చెప్పినా వినకుండా, ఆ రాత్రే మేనేజరుతో మాట్లాడి మర్నాటి నుంచి ఆటలు రెండుకు తగ్గించాలి, లేదా సినిమా దించేయాలి.